నోట్సులో లేని కొడుకు

ఫలితం వచ్చిన మధ్యాహ్నం నేను మేడ మీద వరండాలో కూర్చుని డైరీకి అట్ట వేసుకుంటున్నాను. కింద కుట్టుమిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. అది మా కింది వాటాలో దుకాణం పెట్టుకున్న దర్జీ మిషను. ముప్పై ఏళ్లుగా వింటున్నాను కనుక దారం తెగి ఆగిందో, నమాజు వేళకు ఆగిందో నాకు పై నుంచే తెలిసిపోతుంది. ఆ రోజు కుట్టు సగంలో ఆగింది. మళ్లీ మొదలు కాలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆయన కూతురు పైకి వచ్చి, తన ఫోను నా ముందు పెట్టి, లోపలికి వెళ్లి నా కళ్లద్దాలు తెచ్చి ఇచ్చింది.

"నువ్వే చూడు తాతా" అంది.

వినడం, చదవడం, మాట్లాడడం, రాయడం అని నాలుగు వరుసలున్నాయి. మొదటి మూడింటిలో ఆమెకు కావలసిన గ్రేడు వచ్చింది. నాలుగో వరుసలో మాత్రం రెండు మెట్లు కింద ఆగిపోయింది. వేలు పెట్టి మళ్లీ చదివాను. ఫోను తప్పు చూపిస్తోందేమో అని ఆపి తెరవమన్నాను. తెరిచింది. అదే ఉంది.

మిగతా మూడూ ఆమె డ్యూటీకీ డ్యూటీకీ మధ్య సొంతంగా చదువుకున్నవి. నేను మూడు నెలలు పట్టుబట్టి నేర్పింది ఆ నాలుగోదాన్నే.

"పేపర్లో ఏం రాసినవు బిడ్డా?" అని అడిగాను.

"నువ్వు చెప్పిందే రాసిన తాతా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే ఏదో ఒకటి బదులు చెప్పి ఉండేవాణ్ణి.

మాది భద్రాచలం. ఆ పిల్ల పుట్టింది మా కింది వాటాలోనే. నర్సింగు చదివి, ఈ ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా పని చేస్తోంది. ఐర్లండులోని ఒక ఆసుపత్రివాళ్లు ఫోనులోనే ఇంటర్వ్యూ చేసి, ఐసీయూలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఒక్కటే షరతు. నర్సులకు పెట్టే ఇంగ్లీషు పరీక్షలో నాలుగింటిలోనూ వాళ్లు అడిగిన గ్రేడు దసరాలోపు చూపించాలి. చూపించకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆ కబురు చెప్పడానికి వచ్చిన రోజున మా ఆవిడ అడిగింది, "ఇక్కడ నీకేం తక్కువైందే? అంత దూరం ఎందుకు?" అని.

"ఇక్కడ ఎవరికన్నా సీరియస్ అయితే అంబులెన్సు ఎక్కించుడే అమ్మమ్మా. ఖమ్మమో హైదరాబాదో తోలుడే. ఎక్కించినంక వాళ్లను ఎట్ల బతికిస్తరో నేను ఒక్కసారి కూడా చూడలే. గదే నేర్చుకోవాలె."

ఆమె తండ్రి చేతిలో టేపు అలాగే పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. "సారూ, కలెక్టరుకు ఉత్తరాలు రాసిన చెయ్యి మీది. రాసుడు మీరే నేర్పాలె. తతిమ్మాది బేటీ చూసుకుంటది" అన్నాడు.

ఒప్పుకోవడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. నేను అడవి అంచున ఉన్న మండల కార్యాలయాల్లో గుమస్తాగా చేరి, సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. ఇంగ్లీషు డ్రాఫ్టింగులో నాకు పేరుండేది. జూలూరుపాడులో ఉండగా పక్క సెక్షన్లవాళ్లు కూడా కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవారు. ఉద్యోగంలో చేరిన ఏడు మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ ఆపలేదు. అదీ ఇంగ్లీషులోనే. నలభై ఆరు డైరీలు వరుసగా బీరువాలో ఉన్నాయి. ఒక్క రోజు ఖాళీ లేదు.

పరీక్షవాళ్ల నమూనా పేపర్లు ఆమె ప్రింటు తీయించి తెచ్చింది. రాత పరీక్ష ఇలా ఉంటుంది: ఒక రోగి గురించి రెండు పేజీల నోట్సు ఇస్తారు. దాన్ని చదివి, ఆ రోగిని ఇకపై చూడబోయే డాక్టరుకో, నర్సుకో ఒక ఉత్తరం రాయాలి. వ్యవధి నలభై నిమిషాలు. చూడగానే, ఇది మన పనే కదా అనుకున్నాను.

మా కార్యాలయాల్లో ఒక పద్ధతి ఉండేది. ప్రతి సెక్షనులోనూ ఒక మాదిరి ఫైలు ఉంటుంది. కరువు నివేదిక ఎలా రాయాలి, వరద నివేదిక ఎలా రాయాలి, సెలవు అర్జీకి జవాబు ఎలా రాయాలి అని ఎవరో పెద్ద గుమస్తా ఎప్పుడో రాసిపెట్టిన ఉత్తరాలన్నీ అందులో ఉంటాయి. కొత్తగా చేరినవాడికి మొదటి రోజే ఆ ఫైలు చేతికి ఇస్తారు. తేదీ మార్చు, పేరు మార్చు, అంకెలు మార్చు, మిగతాది ముట్టుకోకు. నేనలాగే నేర్చుకున్నాను. తర్వాత నా డ్రాఫ్టులే మాదిరులయ్యాయి.

అదే పద్ధతిలో ఆమెకు నలభై రెండు మాదిరి ఉత్తరాలు రాశాను. షుగరు, ఆయాసం, కాన్పు, తుంటి ఎముక, పక్షవాతం. ఒక్కొక్క దానికి నంబరు వేశాను. గోడకు టైంటేబులు అంటించాను. నైట్ డ్యూటీ ఉన్న వారానికి ఎర్ర సిరా, పగటి డ్యూటీ వారానికి నీలం. ఆమె డ్యూటీకి పోతూ వస్తూ ఆటోలో బట్టీ పట్టేది. పొద్దున్నే పైకి వచ్చి, నేను కాగితం చూస్తుంటే గడగడా ఒప్పజెప్పేది.

మా ఆవిడ వంటింట్లోంచి, "ఇయ్యాల ఏంది, షుగరు సుప్రభాతమా?" అనేది.

"కాదు అమ్మమ్మా, పక్షవాతం."

"పొద్దుపొద్దుగాల్నే మా ఇంట్ల పక్షవాతం చదవకే తల్లీ. చాయ్ తాగి చదువు."

ఒక రోజు ఆ పిల్ల ఒప్పజెప్పుతూ మధ్యలో ఆగింది. "తాతా, నోట్సుల లేనిది మన ఉత్తరంల ఉంటే ఏం చెయ్యాలె?"

"పేరు, వయసు, మందు మార్చు. మిగతాది ఆగమాగం చెయ్యకు" అన్నాను. ఆ రోజు డైరీలో ఈ ప్రశ్న రాయలేదు. 'పంతొమ్మిదో ఉత్తరం పూర్తి. ప్రగతి సంతృప్తికరం' అని రాసుకున్నాను.

అలాంటి పరీక్షలో రెండు మెట్లు కింద పడిందన్నది నాకు మింగుడు పడలేదు. దిద్దినవాడే పొరపాటు చేసి ఉంటాడనుకున్నాను. మూడో రోజున ఆమెకు సెలవు దొరికింది. కూర్చోబెట్టి, పరీక్షలో రాసిన ఉత్తరాన్ని గుర్తున్నంత మేరకు మళ్లీ రాయమన్నాను. బట్టీ పట్టింది కాబట్టి పది నిమిషాల్లో రాసి ఇచ్చింది. చదివాను. తప్పు పట్టడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

"బాగుంది కదమ్మా. మరెందుకు తగ్గించారు?"

"చివరి పేరా చదువు తాతా."

చివరి పేరాలో, రోగిని ఆమె కుమారుడు జాగ్రత్తగా చూసుకుంటాడని, మందులు వేళకు ఇస్తాడని, పదిహేను రోజులకు మళ్లీ ఆసుపత్రికి తీసుకువస్తాడని ఉంది.

"అవును. ఏమైంది?"

"ఆమెకు కొడుకు లేడు."

నాకు అర్థం కాలేదు. ఆమె నిదానంగా చెప్పింది. "నోట్సుల ఉన్నది తాతా. డెబ్బై ఎనిమిదేండ్ల ముసలామె. తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. ఇంటికి పంపిస్తున్నరు. ఇండ్లకు పోయి చూసే నర్సుకు ఉత్తరం రాయాలె. ఒక్కతే ఉంటది, పిల్లలు లేరు, ఇల్లు మూడో అంతస్తుల ఉన్నది, లిఫ్టు లేదు. అన్నీ రాసి ఉన్నయ్. నేను చదివిన. చదివినంకనే రాసిన. రాస్తుంటె చెయ్యి దానంతటదే కొడుకును రాసుకుంటబోయింది."

అది నా పదిహేడో మాదిరి. ఆ ఉత్తరం రాసేటప్పుడు, ముసలివాళ్లకు ఎవరో ఒకరు ఉంటారులే అనుకుని ఆ కొడుకును పెట్టింది నేనే.

"నిజంగనైతే ఏమైతుండె?" అంది ఆ పిల్ల, వార్డులో మాట్లాడే గొంతుతో. "ఆ నర్సు నా ఉత్తరం చూసి, కొడుకున్నడు కదా, జల్దీ ఏముందని రెండు రోజులు ఆగి పోతది. గప్పటికి ముసలామె ఏ మెట్ల మీదనో పడి ఉంటది."

 మా ఆవిడ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. ఎప్పుడు తాగానో గుర్తు లేదు.

అయినా మనిషికి పంతం ఒకటి ఉంటుంది. పిల్ల కంగారుపడి తప్పు రాసింది గాని నా ఇంగ్లీషులో లోపం లేదని నిరూపించుకోవాలనిపించింది. ఒక కొత్త నమూనా పేపరు తీసుకుని, గడియారం ముందు పెట్టుకుని, నలభై నిమిషాల్లో నేనే ఉత్తరం రాశాను. ఇలాంటి ఉత్తరాలు దిద్దే ఒక టీచరుకు ఆమె దాన్ని ఫోటో తీసి పంపింది. ఎవరు రాశారో చెప్పవద్దన్నాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. నాకు ఆమెకన్నా ఒక మెట్టు తక్కువ ఇచ్చారు. కింద ఒక మాట రాసి ఉంది. ఉత్తరం మర్యాదగా ఉందట. అయితే దీన్ని చదివిన నర్సు రేపు పొద్దున లేచి ఏం చేయాలి, అని అడిగారు.

నేను ఆ ఉత్తరం తీసి చూశాను. పైన సూచించిన విషయమునకు సంబంధించి అంటూ మొదలుపెట్టాను. తమ దయతో కూడిన పరిశీలన నిమిత్తం అని ముగించాను. మధ్యలో రోగికి సంబంధించి నోట్సులో ఉన్నదంతా ఒక్కటీ వదలకుండా వరుసగా ఎక్కించాను. ఆ నర్సు ఏం చేయాలో ఎక్కడా లేదు. ఆమెను ఏమీ అడగలేదు నేను.

"కలెక్టరు దగ్గర పాసై, నర్సమ్మ దగ్గర ఫెయిలైన్రా?" అంది మా ఆవిడ. ఆమెకు నవ్వు ఆగలేదు. "ఇన్నేండ్ల ఉద్యోగానికి గిప్పుడు రిజల్టు వచ్చింది."

రెండు రోజులు నేను వరండాలోకి రాలేదు. ఆ పిల్ల డ్యూటీకి పోతూ మెట్ల కింద ఆగి, "తాతా, పోయొస్త" అని కేక వేసేది. ఊ అనేవాణ్ణి.

మూడో రోజున నా నెలవారీ బీపీ పరీక్ష ఉంది. ఆమె పని చేసే ఆసుపత్రికే వెళ్తాను. వెళ్లేసరికి గుమ్మం ముందు అంబులెన్సు ఉంది. పినపాక వైపు ఒక గూడెం నుంచి పాము కరిచిన ఒక ఆడమనిషిని తెచ్చారు. మందు ఎక్కించి ఖమ్మం పంపుతున్నారు. స్ట్రెచరు పక్కన భర్త కాబోలు, కండువా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మా పిల్ల ఒక చేత్తో సెలైను బాటిలు పట్టుకుని, భుజానికీ చెవికీ మధ్య ఫోను పెట్టుకుని, ఖమ్మంలో ఆ రోగిని తీసుకోబోయే నర్సుతో మాట్లాడుతోంది. నేను బల్ల మీద కూర్చుని విన్నాను.

"సిస్టర్, ముప్పై ఏండ్ల ఆడమనిషిని తోలుతున్నం. పాము కరిచి మూడు గంటలైంది. యాంటీవీనం పది వయల్స్ అయిపోయినయ్. అయినా కండ్లు మూతలు పడుతున్నయ్, మాట ముద్దగ వస్తుంది. ఊపిరి మీద కన్నెయ్యాలె. ట్యూబు రెడీ పెట్టుకోండ్రి, ఐసీయూల బెడ్డు ఆపండ్రి. తోడు ఆయనకు తెలుగు అంతగా రాదు, కోయ మాట్లాడేటోళ్లు ఎవరన్న ఉంటె గేటు దగ్గర పెట్టండ్రి. రెండున్నర గంటల్ల మీ కాడ ఉంటది. సరేనా? మళ్ల చెప్పండ్రి ఒకసారి, నేను ఏం చెప్పిన్నో."

అవతలి మనిషి తిరిగి చెబుతుంటే విని, "అవ్, గంతే" అని ఫోను పెట్టేసింది. మొత్తం నిమిషం పట్టి ఉంటుంది.

నేను చూస్తుండిపోయాను. ఆ ఆడమనిషి పేరు చెప్పలేదు. పొలంలో కరిచిందో, ఇంట్లో కరిచిందో చెప్పలేదు. కేసు షీటులో ఇంకా ఏమేమో ఉండి ఉంటాయి, అవీ చెప్పలేదు. కానీ ఖమ్మంలో ఉన్న మనిషి ఇప్పుడు లేచి ఏం చేయాలో పూర్తిగా చెప్పింది. పరీక్షవాళ్లు అడుగుతున్నది ఇదే. ఈ పిల్ల నాలుగేళ్లుగా వారానికి రెండు మూడుసార్లు ఈ పరీక్ష రాస్తూనే ఉంది. మూడు నెలలు కష్టపడి ఆ విద్యను ఆమె చేతిలోంచి తీసేసింది నేను.

బీపీ చూసిన అమ్మాయి, "సారూ, ఎక్కువున్నది. ఏమన్నా టెన్షనా?" అని అడిగింది. లేదన్నాను.

ఆ వారమే గోదావరి పెరిగింది. మొదటి ప్రమాద హెచ్చరిక అని మైకులో చెప్పుకుంటూ ఆటో తిరుగుతోంది. మా ఆవిడ బియ్యం ఏరుతూ, "గోదారి పెరిగినప్పుడల్లా నాకు ఆ బడి మీద కూసున్నోళ్లు యాదికొస్తరు" అంది.

"ఎవరు?"

"అదేంది? మీరే చెప్పిన్రు గద. ఆ ఏడు పెద్ద వరదల, వాగు అవతల మూడిండ్లోళ్లు చిక్కుకపోయిన్రని. రాత్రంతా వానల బడి కప్పు మీద కూసున్నరని. ఒక ముసలామె మేకపిల్లను కొంగుల మూటగట్టుకొని కూసున్నదని. తెల్లారి పడవ పోతే, ఎక్కకముందే అగ్గిపెట్టె ఉన్నదా అని అడిగిందని. మీరే చెప్తిరి, గీ గడప మీద కూసోని. ఆ రోజు అన్నం కూడా తినకపోతిరి."

నాకు ఏ ఒక్కటీ గుర్తు లేదు. నిన్నటి పేపరు మాట కాదు, నా జీవితంలో జరిగిన విషయం. నేను ఆమెతో వాదించాను. కల గన్నావన్నాను. "మీ పుస్తకంల రాసుకున్నరేమో చూడండ్రి మరి" అంది.

బీరువా తెరిచి ఆ ఏటి డైరీ తీశాను. వరద రోజుల పేజీలు దొరికాయి. వరద విధులకు హాజరయ్యాను, నివేదిక సాయంత్రం నాలుగింటికి పంపడమైనది, పరిస్థితి అదుపులో ఉన్నది. మరుసటి రోజున కూడా అదే, సమయం మాత్రం మారింది. ఆ మరుసటి రోజూ అదే. మేకపిల్ల లేదు. అగ్గిపెట్టె లేదు.

నా డ్రాఫ్టుల కాపీలు దాచుకునే అలవాటు కూడా నాకుంది. ఆ కట్ట విప్పి వెతికితే ఆ నాలుగింటి నివేదిక దొరికింది. 'లోతట్టు గ్రామముల ప్రజలందరినీ సురక్షిత ప్రాంతములకు తరలించడమైనది' అని ఉంది. దాని ముందు ఏడాది నివేదిక కూడా తీసి, టైపు చేసిన ఆ రెండు పల్చటి కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. తేదీ, నీటిమట్టం తప్ప మిగతా అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

అందరినీ తరలించామని నాలుగింటికి రాశాను కాబట్టి ఆ సాయంత్రం పడవ వెళ్లలేదు. ఆ నివేదిక ఎవరూ నాకు చెప్పి రాయించింది కాదు. మాదిరి ఫైలులోంచి నేనే ఎత్తి రాసింది. మా ఆవిడకు చెప్పుకుని, డైరీలో మాత్రం అదుపులో ఉన్నదని రాసి, ఇన్నేళ్లుగా డైరీనే నమ్ముకుంటూ వచ్చాను. ఆ కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తడిసిన మేక వాసన అప్పుడు గుర్తొచ్చింది. పడవ ఒడ్డుకు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

మర్నాడు ఆ పిల్లకు ఇదంతా చెప్పాను. రోగి చెప్పేది విన్నట్టు మధ్యలో మాట్లాడకుండా విన్నది.

"ఎవరికన్నా ఏమన్నా అయిందా తాతా?"

"కాలేదు."

"అయితే వాళ్ల అదృష్టం" అంది. నన్ను ఓదార్చే మాట ఏదీ అనలేదు. తర్వాత, "మళ్ల పరీక్షకు ఇంకా ఆరు వారాలున్నయ్. రెండోసారి ఫీజు కట్టిన. ఇప్పుడెట్ల చేద్దాం?" అని అడిగింది.

గోడ మీది టైంటేబులు తీసేశాను. కొత్త పద్ధతి ఆమె ఫోనులో మాట్లాడిన పద్ధతే. నమూనా నోట్సు చదవాలి. చదివి కాగితం బోర్లించాలి. నేను అవతలి నర్సును. ఖమ్మం సిస్టరుకు చెప్పినట్టు నాకు ముందు తెలుగులో ఒక్క నిమిషంలో చెప్పాలి. నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను: అయితే నేనేం చేయాలి? అది తేలాక అదే మాట ఇంగ్లీషులో చెప్పాలి. అప్పుడు పెన్ను పట్టాలి. రాసిన తర్వాత కాగితం తిప్పి, ఉత్తరంలో ఉన్న ప్రతి మాటా నోట్సులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేనిది కొట్టేయాలి.

మొదటి వారం నరకంగా గడిచింది. ఆమె పెన్ను పట్టగానే నా మాదిరులు బయటికి వచ్చేవి. ఒకసారి ఆరేళ్ల పిల్లవాడి ఉత్తరంలో కూడా కుమారుడు మందులు ఇస్తాడని రాసేసింది. ముగ్గురం నవ్వాం. బట్టీ పట్టించడానికి మూడు నెలలు పట్టింది. విడిపించడానికి ఆరు వారాలు చాలుతాయా అని నా భయం.

మాదిరి కట్టను ఏం చేయాలో తోచక కిందికి తీసుకెళ్లి ఆమె తండ్రికిచ్చాను. జాకెట్ల కొలతలకు కాగితం కోసుకుంటాడు కదా అని. ఆయన దాన్ని చేత్తో తూచి, "గింత రాసిన్రా సారూ, బిడ్డ కోసం" అన్నాడు.  తర్వాత వచ్చిన ఒక ఆడమనిషి కొత్త బట్టతో పాటు పాత జాకెట్టు కూడా ఇచ్చింది, ఆది కోసం. ఆయన దాన్ని పక్కన పెట్టి కూతుర్ని పిలిచి, కొలత తియ్యమన్నాడు.

"ఆది తెచ్చిన కదా భాయ్" అంది ఆ వచ్చినామె.

"తెచ్చినవమ్మా. అది పోయినేడు కుట్టింది. ఈ ఏడు నువ్వు ఎట్లున్నవో టేపు చెప్తది" అన్నాడు. అని నా వైపు చూడలేదు. చూస్తాడేమోనని నేనే తల తిప్పుకున్నాను.

రెండో పరీక్ష రాసి హైదరాబాదు నుంచి వచ్చిన పొద్దున, సంచి కింద పెట్టకుండానే పైకి వచ్చి చెప్పింది. ఈసారి నోట్సులో కిడ్నీ జబ్బున్న పెద్దమనిషి ఉన్నాడట. ఇంటికి పంపిస్తూ, అతని తిండి చూసే నిపుణురాలికి ఉత్తరం రాయాలట.

"పాత ఆపరేషన్ల గురించి రాసినవా?"

"రాయలే."

"మోకాళ్ల నొప్పులు?"

"అవీ లేవు. ఆమెకెందుకు తాతా మోకాళ్లు? ఏం తింటున్నడు, ఏం తినొద్దు, రక్తపరీక్షల ఏమొచ్చింది, భార్య వంట చేస్తది కాబట్టి ఆమెకు కూడా చెప్పాలె, వారంల ఒకసారి చూడండ్రి. గంతే. నోట్సుల సగం వదిలేసిన."

సగం వదిలేసిందంటే నాకు భయం వేసింది. మా కార్యాలయంలో ఒక్క కాలమ్ వదిలితే మెమో వచ్చేది.  మర్నాటి నుంచి మిషను చప్పుడు వింటూ కూర్చున్నాను.

పదహారో రోజున చప్పుడు ఆగింది. మెట్ల మీద అడుగులు వినపడలేదు. చాలాసేపు చూశాను. చివరికి నేనే లేచి, గోడ పట్టుకుని దిగాను. మెట్ల మలుపులో ఆ పిల్ల కూర్చుని ఉంది. ఫోను ఒళ్లో బోర్లా పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది. కింద మెట్టు మీద ఆమె తండ్రి, మెడలో టేపుతో, ఆమె పాదాల వైపు చూస్తూ నిలబడ్డాడు. 

అయిపోయిందనుకున్నాను. దసరా ఇంక తొమ్మిది రోజుల్లోకి వచ్చింది. మూడోసారికి వ్యవధి లేదు. నా నోట, "ఎన్ని మెట్లు?" అన్న మాట వచ్చింది.

ఆమె ఫోను తిప్పి ఇచ్చింది. నా దగ్గర అద్దాలు లేవు. కళ్లు చికిలించి చూశాను. నాలుగు వరుసల్లోనూ ఒకే అక్షరం ఉన్నట్టుంది.

"నాలుగోది చదువమ్మా."

"వచ్చింది తాతా. సరిపోయేంత వచ్చింది."

మా ఆవిడ పై నుంచి దిగి వచ్చింది. "మరి ఏడుస్తవేందే పిచ్చిదానా?"

"ఏమో అమ్మమ్మా. పోవాలె గద ఇంగ" అంది ఆ పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.

ఆమె తండ్రి దుకాణంలోకి వెళ్లి మిషను మొదలుపెట్టాడు. రెండు గజాలు కుట్టి ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టకముందే డైరీ తెరిచాను. అలవాటు ప్రకారం ఇంగ్లీషులో, ఫలితము అందినది, సంతృప్తికరము, అని రాసేశాను. రాసిన తర్వాత చూసుకున్నాను. కొట్టేసి కింద తెలుగులో మొదలుపెట్టాను. పరీక్ష పేరు, నాలుగు గ్రేడులు, ఆసుపత్రి గడువు, తండ్రి నిలబడిన మెట్టు, అన్నీ రాశాను. అరపేజీ అయింది. మా ఆవిడ చీపురు పట్టుకుని ఆ పక్కగా పోతుంటే పిలిచి చదివి వినిపించాను. నా డైరీ ఆమెకు చదివి వినిపించడం అదే మొదటిసారి.

నిలబడి విన్నది. "పిల్ల ఏడ్చింది రాసిన్రా?" అని అడిగింది.

చూసుకున్నాను. రాయలేదు.

"గదే కదా అయింది ఇయ్యాల" అని ఆమె వరండా ఊడవడానికి వెళ్లిపోయింది. పేజీ కింద రెండు గీతలంత చోటు మిగిలి ఉంది.